దిగులుగా ఉన్నవారి చేతిలోంచి పుస్తకం లాక్కోమంటారా?

"చీకటి కథలు మనసును తినేస్తాయి" అనే వాట్సాప్ సందేశం నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. పంపుతున్నది చదువుకున్న స్నేహితులే. అందులో నాలుగు వాదనలున్నాయి. మనస్తత్వ భయానక కథలు, అంటే మనసు లోపలి నుంచే భయం పుట్టించే కథలు, మన సంస్కృతి కావట. రాసినవారికి పిచ్చెక్కిందట. అవి మతి చెదిరినవారిని రాక్షసులుగా చూపిస్తాయట. ఇంట్లో దిగులుగా ఉన్నవారు ఇవి చదువుతుంటే పుస్తకం, కలం తీసేసి పూర్తి విశ్రాంతి ఇవ్వాలట.

శవాన్ని భుజాన వేసుకుని శ్మశానం వైపు నడిచే విక్రమార్కుణ్ణి చందమామలో చదువుతూ పెరిగిన మనం మొదటి మాట అనకూడదు.

రెండోదానికి ఫ్రెంచ్ కథకుడు మొపాసాను సాక్షిగా తెచ్చారు. 1887లో 'లె ఓర్లా' అనే భయానక కథ రాశాడు, 1893లో పిచ్చాసుపత్రిలో పోయాడు, కాబట్టి కథే కారణమట. ఆయన్ని బలిగొన్నది సిఫిలిస్ అనే సుఖవ్యాధి. ఆయన రాసిన దాదాపు మూడు వందల కథల్లో చాలావరకు నార్మండీ రైతులవి, పారిస్ గుమాస్తాలవి. ఆ లెక్కన గుమాస్తాల కథలు కూడా నిషేధిద్దామా?

మూడో మాట నిజం. ఈ తరహా కథలు ఎన్నో చివరి పేరాలో హంతకుడికి ఒక మానసిక రోగం అంటగట్టి చేతులు దులుపుకుంటాయి. నిజానికి అలాంటి రోగులు హింస చేయడం కంటే హింసకు గురికావడమే ఎక్కువ. అది తెలిసినవారు నాలుగో సలహా ఎలా రాయగలిగారు?

ఆ సలహా పాతదే. ప్రసవం తర్వాత తీవ్రమైన దిగులులో పడిన అమెరికన్ రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్‌కు 1887లో సైలస్ వెయిర్ మిచెల్ అనే పేరుమోసిన వైద్యుడు ఇదే చెప్పాడు: ఇంటిపట్టున ఉండు, బుద్ధికి పని రోజుకు రెండు గంటలకు మించనివ్వకు, బతికినంతకాలం కలం ముట్టకు. మూడు నెలల్లో ఆమె మతి పోయే అంచుకు చేరింది. ఆ వైద్యాన్ని వదిలేసి మళ్లీ పనిలో పడ్డాకే తేరుకుంది. ఆ అనుభవంలోంచి ఆమె రాసిన 'ది యెల్లో వాల్‌పేపర్' కథ 1892లో అచ్చయింది.

అందులో దెయ్యం లేదు. ఒక గది, గోడకు పసుపు కాగితం, వైద్యుడైన భర్త. అతను ప్రేమగానే మాట్లాడతాడు, ఆ ప్రేమతోనే భార్యను గదికి పరిమితం చేస్తాడు. అతని కంట పడకుండా ఆమె రాసుకున్న మాటలే కథ. ఆమె మనసు జారిపోతోందని ఆమెకంటే ముందే మనకు తెలుస్తుంది, ఏమీ చేయలేం. నవలలో అయితే మరో పాత్ర, మరో ఊరు వచ్చి ఊపిరి తీసుకోనిస్తాయి. ఇంత చిన్న కథలో ఆమె తల తప్ప మనకు వేరే చోటు లేదు. ఇలాంటి కథల కోసం నేను వెతుక్కునేది అందుకే. నోరు విప్పి చెప్పుకోలేని స్థితిని లోపలి నుంచి చూపించే ఇంత దగ్గరి దారి నాకు మరొకటి తెలియదు.

ఇది చదివితే ఎవరికైనా పిచ్చెక్కుతుందని బోస్టన్ వైద్యుడొకరు అభ్యంతరం చెప్పాడని గిల్మన్ 1913లో రాసింది. స్నేహితులారా, మీరు పంపుతున్న సందేశం ఆయన మాటకు నకలు. ఆ వ్యాసంలోనే మరో సంగతి కూడా ఉంది. కథ చదివి హడలిపోయిన ఒక కుటుంబం తమ ఇంటి స్త్రీని మామూలు జీవితంలోకి వదిలిందట, ఆమె కోలుకుందట.

దిగులుగా ఉన్నవారిని మంచి వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి. పుస్తకం చేతిలోనే ఉండనివ్వండి. ఈ సందేశం ఎవరెవరికి పంపారో, నాలుగో సలహా ప్రమాదకరమని వారందరికీ ఈ రోజే రాయండి.