ఆర్మూర్ అల్లుడు, అట్లాంటా కత్తి

(హనుమకొండలో ఒక డాబా ఇల్లు. సారయ్య పదవీ విరమణ చేసిన సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడు. సరోజన ఆయన ఇల్లాలు, పుట్టినిల్లు ఆర్మూర్. కూతురి పురుటికని అట్లాంటా వెళ్ళి తిరిగి వచ్చారు. పెట్టెలు ఇంకా పూర్తిగా సర్దలేదు. సరోజన కత్తిపీట ముందు కూర్చుని బెండకాయలు తరుగుతోంది. తరుగుతోందని మర్యాదకు అంటున్నాం గానీ, నలుపుతోంది.)

సరోజన: ఏమండీ, అమెరికా వెళ్ళే ముందు చెప్పాను, వచ్చాక చెప్పాను. ఈ కత్తిపీటకు సాన పట్టించండి. బెండకాయ తెగడం లేదు, జిగురు సాగుతోంది.

సారయ్య: పట్టిద్దాంలే. ముందు దాని అంచు ఏ కోణంలో ఉందో చూడాలి.

సరోజన: కోణమా?

సారయ్య: ఊరికే రాతికేసి రుద్దితే పదును వస్తుందా? వంటింటి కత్తికి ఒక్కో వైపు పదిహేను, ఇరవై డిగ్రీలు. కట్టెలు నరికేదానికి ఇంకాస్త మందం ఉండాలి.

సరోజన: వెళ్ళేనాటికి మీకు ఈ కత్తిపీట ఏ మూలన ఉంటుందో కూడా తెలియదు. ఆగండాగండి. ఆ ఎడమ చెయ్యి ఇటు చూపండి. ముంజేతి మీద నున్నగా గొరిగినట్లు ఉందేమిటి? మంగలికి చెయ్యి కూడా అప్పగించారా?

సారయ్య: (చొక్కా చెయ్యి కిందికి దించుకుంటూ) అదా... ఎగ్జిబిషన్‌లో పదును చూశాను.

సరోజన: ఏ ఎగ్జిబిషన్? అల్లుడు మిమ్మల్ని ఒక శనివారం పొద్దున తీసుకెళ్ళి చీకటి పడ్డాక తెచ్చాడే, అదా? నేను నాంపల్లిలో పెట్టే లాంటిదనుకున్నాను. పచ్చళ్ళు, దుప్పట్లు ఉంటాయి, నా కోసం ఏమీ తేలేదేమని మనసులో బాధపడ్డాను కూడా.

సారయ్య: అక్కడ అన్నీ కత్తులే. బ్లేడ్ షో అంటారు. ఏటా జూన్‌లో అట్లాంటాలో జరుగుతుంది. ఎన్నో దేశాల నుంచి కత్తులు చేసేవాళ్ళు, కత్తులు సేకరించేవాళ్ళు వస్తారు. వందల బల్లలు, బల్ల నిండా కత్తులు.

సరోజన: టిక్కెట్టు ఉందా?

సారయ్య: ఉండదా మరి?

సరోజన: టిక్కెట్టు కొని కత్తుల మధ్యకు వెళ్ళారు. బాగుంది.

సారయ్య: నువ్వు అనుకున్నట్లు అక్కడ రౌడీలు ఎవరూ లేరు. డాక్టర్లు, రైతులు, నా లాంటి పింఛనుదార్లు. ఎంత మర్యాదస్థులంటే, అడగకుండా ఎవరూ కత్తి ముట్టుకోరు. తీసుకున్నా పిడి పట్టుకోవాలి, ఉక్కు మీద వేలు పెట్టకూడదు. వేలిముద్రలోని చెమటకు కూడా తుప్పు పడుతుందట. ఎదుటివాళ్ళకు ఇచ్చేటప్పుడు పిడి వాళ్ళ వైపు తిప్పి ఇవ్వాలి. పక్క బల్ల మీద కొన్న కత్తిని తెచ్చి ఈ బల్ల మీద పెట్టడం మహాపరాధం.

సరోజన: మీరేం చేశారు?

సారయ్య: బొటనవేలితో అంచు తడిమాను. బల్ల వెనక ఉన్నాయన ప్రాణం పోయినట్లు కేక పెట్టాడు. తర్వాత ఆయనే చూపించాడు, పదును చూడాలంటే ముంజేతి వెంట్రుకలు గొరగాలని. అక్కడ తిరిగేవాళ్ళలో సగం మందికి ఎడమ చెయ్యి నున్నగానే ఉంది.

సరోజన: తలుపు దగ్గరే చెయ్యి చూసి టిక్కెట్టు లేకుండా పంపవచ్చు.

సారయ్య: నీకు వేళాకోళంగా ఉంది. ఆ తయారుచేసేవాళ్ళు ఎంత కష్టపడతారో తెలుసా? అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ అని 1976లో పుట్టిన సంఘం ఉంది. అందులో పట్టా కావాలంటే పరీక్ష. తాను కొలిమిలో కాచి కొట్టిన కత్తితో, వేలాడుతున్న తాడును ఒక్క వేటుకు తెంపాలి. తర్వాత దూలం లాంటి చెక్కను రెండుసార్లు నరకాలి. అంత నరికాక కూడా అదే అంచుతో వెంట్రుకలు గొరగాలి. ఆఖరున కత్తిని వైస్ అనే ఇనుప పట్టులో బిగించి 90 డిగ్రీలు వంచాలి. విరగకూడదు.

సరోజన: వంచిన దాన్ని మళ్ళీ తిన్నగా చేసుకుంటారా?

సారయ్య: ఇంకెక్కడ తిన్నగా చేస్తారు? దాని పని అయిపోయినట్లే.

సరోజన: పట్టా కోసం కత్తి ప్రాణం తీస్తారన్నమాట. మీ పదో తరగతి పరీక్షలే నయం, పిల్లవాడన్నా మిగిలేవాడు.

(లేచి పెట్టె దగ్గరికి వెళ్ళి చీరలు తీస్తుంది. గొల్లభామ చీర మడతల్లో గట్టిగా ఏదో తగులుతుంది.)

సరోజన: ఇదేమిటి?

సారయ్య: నెమ్మదిగా! నెమ్మదిగా పట్టుకో!

సరోజన: కత్తి! నా సిద్దిపేట గొల్లభామ చీరలో కత్తి!

సారయ్య: చేతిసంచిలో పెడితే విమానం ఎక్కనివ్వరు. పెట్టెలో వేయాలి. పెట్టెలో మెత్తగా ఉన్నది నీ చీరే.

సరోజన: ఎవరిచ్చారు?

సారయ్య: (గోడ మీద కాకతీయ తోరణం క్యాలెండర్ చూస్తూ) అల్లుడు.

సరోజన: అల్లుడు మామకు కత్తి ఇచ్చాడా! మన ఇళ్ళలో కత్తిని చేతికి కూడా ఇవ్వం, కింద పెడితే తీసుకోవాలి. పసిపిల్ల పుట్టిన ఇంటి నుంచి కత్తి తెస్తారా ఎవరైనా? వాళ్ళిద్దరి మధ్య ఏదైనా గొడవ జరిగిందా? మీతో పడక ఇలా ఇచ్చాడా? ఉండండి, అమ్మాయికి ఫోను చేస్తాను.

సారయ్య: ఫోను వద్దు! వాళ్ళకు ఇప్పుడు అర్ధరాత్రి. అయినా అక్కడి వాళ్ళకూ ఆ పట్టింపు ఉంది. కత్తి బహుమతిగా ఇస్తే స్నేహం తెగుతుందని, పుచ్చుకున్నవాళ్ళు ఒక చిల్లర నాణెం చేతిలో పెడతారు. అప్పుడు కొన్నట్లు లెక్క.

సరోజన: మీరు నాణెం పెట్టారా?

సారయ్య: పెట్టాను.

సరోజన: ఎంత?

సారయ్య: 400.

సరోజన: 400 పైసలా?

సారయ్య: డాలర్లు.

(కొంతసేపు ఇంట్లో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. సరోజనకు ఎక్కాలు బాగా వచ్చునని ఈ సందర్భంలో చెప్పుకోవాలి.)

సరోజన: 30 వేల పైమాటే. జానెడు కూడా లేని కత్తికి 30 వేల పైమాటే. దీని మీద ఈ గీతలేమిటి, నీటి అలల్లా? సరిగా తోమలేదా?

సారయ్య: ఆ గీతలకే డబ్బులు! డమాస్కస్ అంటారు. రెండు రకాల ఉక్కు పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఎర్రగా కాచి, కొట్టి అతికిస్తారు. మడుస్తారు, మళ్ళీ కొడతారు. వందల పొరలు వస్తాయి. చివరకు ఆమ్లంలో ముంచితే ఒక ఉక్కు నల్లబడుతుంది, నికెల్ కలిసిన రెండోది మెరుస్తుంది. 1973లో బిల్ మోరన్ అనే ఆయన ఇలాంటివి చేసి ప్రదర్శనలో పెట్టాక అమెరికా అంతా ఈ పిచ్చి పట్టుకుంది.

సరోజన: పరోటా.

సారయ్య: ఏమన్నావు?

సరోజన: ఇనుప పరోటా అన్నాను. కానివ్వండి.

సారయ్య: అసలు సంగతి విను. ఇది అమ్మిన గడ్డం ఆయన, ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. ఇండియా అన్నాను. ఇండియాలో ఎక్కడన్నాడు. తెలంగాణ అన్నాను. అంతే, లేచి నిలబడి రెండు చేతులతో నా చెయ్యి పట్టుకున్నాడు. కోనసముద్రం మీకు ఎంత దూరం అన్నాడు.

సరోజన: కోనసముద్రమా? మా నిజామాబాద్ జిల్లా కోనసముద్రమా? మా ఆర్మూర్ వైపే! మా పెద్దమ్మ కోడలిది ఆ పక్క ఊరు! వాళ్ళను ఆయన ఎలా ఎరుగును?

సారయ్య: వాళ్ళను కాదు, ఊరిని. ఒకప్పుడు డమాస్కస్ కత్తులకు పేరొచ్చింది మన వైపు నుంచి వెళ్ళిన ఉక్కుతోనట. కోనసముద్రంలో కమ్మరులు మట్టి మూసల్లో ఇనుము వేసి, మూత మెత్తి, గంటల తరబడి కాచి, నెమ్మదిగా చల్లార్చేవారట. అలా వచ్చిన ఉక్కులో నూటికి ఒకటిన్నర పాళ్ళ దాకా కర్బనం ఉంటుంది. ఆ ముద్దను సాగగొడితే అలలు వాటంతట అవే పైకి తేలతాయి. మడవడం, అతికించడం ఏమీ లేదు. రెండు వందల ఏళ్ళ క్రితం సర్వే బృందంలోని వాయిసీ అనే డాక్టరు ఆ ఊరు వెళ్ళి చూసి రాశాడు. పర్షియా వర్తకులు అక్కడికి వచ్చి కూర్చుని మరీ కొనుక్కుపోయేవారు. లండన్‌లో ఫారడే అంతటి శాస్త్రవేత్త 1819లో మన దేశపు ఉక్కును పరీక్షించాడు.

సరోజన: ఇదంతా మీరు ఆ గడ్డం ఆయనకు చెప్పారా?

సారయ్య: ఆయన నాకు చెప్పాడు.

సరోజన: మీరేమన్నారు?

సారయ్య: అవునవునని తల ఊపాను.

సరోజన: జీవితమంతా సాంఘిక శాస్త్రం చెప్పారు. నెపోలియన్ ఎక్కడ పుట్టాడో, ఎక్కడ పోయాడో పిల్లల చేత బెత్తం పట్టి అప్పజెప్పించారు. పండగ పండగకూ అత్తగారింటికి వచ్చి సకినాలు తిని వెళ్ళారు. ఆ పక్కన ఏముందో మాత్రం సముద్రాలు దాటి వెళ్ళి గడ్డం ఆయన చెబితే తెలిసింది.

సారయ్య: సిలబస్‌లో లేదు.

సరోజన: (కత్తిని ఇప్పుడు ఎంతో ప్రేమగా పట్టుకుని) పోనీలెండి. ఎన్ని ఊళ్ళు తిరిగినా మా పుట్టింటి ఉక్కు మళ్ళీ ఇంటికి వచ్చింది. తమ్ముడికి ఫోను చేసి చెబుతాను.

సారయ్య: అంటే... ఇది ఆ ఉక్కు కాదు.

సరోజన: కాదా?

సారయ్య: ఇది పొరలది. అక్కడి కొలిములు ఎప్పుడో ఆరిపోయాయి. పాత పద్ధతిలో మూస ఉక్కు కాచి చేసినది ఇంకొకటి అదే బల్ల మీద ఉంది. దాని ధర వినగానే అల్లుడు నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగాడు.

సరోజన: అంత ఖరీదా?

సారయ్య: దీనికి ఎన్నో రెట్లు. దానికి కొనేవాళ్ళు ఎక్కువై చీటీలు కూడా తీశారు. చీటీ తగిలినవాడికే డబ్బు కట్టే భాగ్యం.

సరోజన: (తృప్తిగా) మరి మా వైపు సరుకంటే ఏమనుకున్నారు? మీరు మాత్రం దాన్ని వదిలి పరోటా తెచ్చారు. సరే, పోలీసులు వస్తే ఏం చెప్పాలి?

సారయ్య: పోలీసులు ఎందుకొస్తారు? ఆయుధాల చట్టం లెక్కలోకి వచ్చే కత్తి 9 అంగుళాలకు మించి పొడవో, 2 అంగుళాలకు మించి వెడల్పో ఉండాలి. ఇది 4 అంగుళాలే.

సరోజన: నా కత్తిపీట 2 అంగుళాలకు పైనే వెడల్పు. దానికి లైసెన్సు తీసుకోవాలా?

సారయ్య: ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది.

సరోజన: చూశారా, చట్టానికి కూడా తెలుసు ఏది పనికొచ్చేదో. (వంటింట్లోకి వెళుతుంది.)

సారయ్య: దాన్ని ఎక్కడ పెడుతున్నావు? తోలు ఒరలో పెట్టి వదిలేయకూడదు, తోలుకు చెమ్మ పడుతుంది. కాస్త నూనె రాసి పొడిగుడ్డలో చుట్టాలి. వింటున్నావా? సరోజనా?

సరోజన: (వంటింట్లో నుంచి) బాగానే తెగుతోందండీ! గింజ కూడా రెండుగా తెగింది!

సారయ్య: ఏ గింజ?

సరోజన: నిమ్మగింజ. పులిహోరకు నిమ్మకాయలు కోస్తున్నాను.

(సారయ్య వయసు మరచిపోయి పరుగెత్తుతాడు. అలల మధ్య మెరవాల్సిన చోట బూడిదరంగు మరక ఒకటి, దాని పక్కన నీలంగా ఇంకొకటి.)

సారయ్య: పులుపు తగలకూడదు! ఇది స్టీలు గరిట కాదు, కర్బనం ఉక్కు! రంగు మారిపోయింది!

సరోజన: తాళ్ళు తెంపింది, దూలాలు నరికింది, 90 డిగ్రీలు వంగినా విరగలేదు, నిమ్మకాయకు ఓడిపోయిందా?

సారయ్య: ఆ పరీక్షలు ఈ కత్తికి కాదు!

సరోజన: నా కత్తిపీట ఎన్ని వేసవుల మామిడికాయలు చూసింది! ఒక్కనాడైనా మొహం మాడ్చుకుందా?

(వీధిలో సైకిలు చక్రం తిరిగే చప్పుడు, "కత్తులకు సాన" అనే కేక. సరోజన కత్తిపీట తెచ్చి ఆయన చేతికి ఇవ్వకుండా గడప దగ్గర పెడుతుంది. సారయ్య తీసుకుని వెళతాడు. అమెరికా కత్తిని గుడ్డలో చుట్టి జేబులో వేసుకుని మరీ వెళతాడు, ఇంట్లో వదిలే ధైర్యం లేక. కాసేపటికి తిరిగి వస్తాడు.)

సరోజన: కోణం చెప్పారా?

సారయ్య: చెప్పాను. పక్కకు జరగండి సార్, నిప్పురవ్వలు పడతాయన్నాడు.

సరోజన: ఎంత తీసుకున్నాడు?

సారయ్య: 50 అడిగాడు. నేను వదులుతానా? 40కి ఒప్పించాను.

సరోజన: అట్లాంటాలో ఆ గడ్డం ఆయన దగ్గర ఈ నోరు ఏమైంది?

సారయ్య: అక్కడ బేరం ఆడితే బాగుండదు. చేతిపని చేసేవాడిని అవమానించినట్లు అవుతుంది.

సరోజన: వీధిలో చక్రం తొక్కేవాడిది కాలిపనా? వెళ్ళి ఆ 10 రూపాయలు ఇచ్చి రండి. వస్తూ మూలమీది కొట్లో నాలుగు నిమ్మకాయలు తీసుకురండి. ఇందాకటివన్నీ ఇనుము వాసన కొడుతున్నాయి.