అప్పు చూసి ఉద్యోగం ఇవ్వకపోతే, ఆ అప్పు తీరేదెలా?

ఇంటర్వ్యూ బాగా జరిగింది. జీతం మాట్లాడుకున్నారు, ఎప్పుడు చేరాలో కూడా చెప్పారు. అంతలో కంపెనీ నుంచి ఒక ఫారం వస్తుంది. మీ అప్పుల చిట్టా అయిన క్రెడిట్ రిపోర్టు చూసేందుకు ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమంటుంది. అమెరికాలో ఉద్యోగం వెతుక్కునేవాళ్లలో చాలామందికి ఇది ఎదురవుతుంది. వద్దనే హక్కు ఉంది. కానీ వద్దంటే దరఖాస్తును అక్కడితో పక్కన పెట్టేయొచ్చు. ఇల్లు గడవని మనిషి పెట్టే ఆ సంతకాన్ని ఇష్టపూర్వక అనుమతి అనడానికి నాకు మనసొప్పదు.

కంపెనీకి వెళ్లేది క్రెడిట్ స్కోరు, అంటే అప్పులు కట్టే తీరును బట్టి వేసే మార్కు అని చాలామంది అనుకుంటారు. కాదు. జనం అప్పుల వివరాలు సేకరించే ఈక్విఫ్యాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ బ్యూరోలు ఉద్యోగాల కోసం ఇచ్చే రిపోర్టులో స్కోరు ఉండదు. అప్పుల చరిత్ర ఉంటుంది. ఏ కార్డు మీద ఎంత బాకీ, ఏ వాయిదా 30 రోజులు ఆలస్యమైంది, ఏది 90 రోజులు దాటింది, ఏ ఖాతా వసూలు ఏజెన్సీకి పోయింది... అన్నీ వరుసగా. ఎప్పుడు కట్టలేదో అందులో తెలుస్తుంది, ఎందుకు కట్టలేదో తెలియదు. ఉద్యోగం పోయి కట్టలేకపోయినా, చేతిలో డబ్బుండి ఎగ్గొట్టినా ఆ గడిలో కనిపించేది అదే 90. ఉద్యోగం లేక అప్పు పేరుకుంది, అప్పు ఉందని ఉద్యోగం రాలేదు. ఇక ఆ మనిషి తేరుకునేదెప్పుడు?

అప్పున్నవాడు దొంగతనం చేస్తాడేమోనన్నది కంపెనీల భయం. దానికి ఆధారం ఉందా? 2010లో ఓరెగాన్ చట్టసభ ముందు ట్రాన్స్‌యూనియన్ ప్రతినిధే, క్రెడిట్ రిపోర్టుకూ పనితీరుకూ, మోసానికీ సంబంధం ఉందని చూపే పరిశోధన తమ దగ్గర లేదని ఒప్పుకున్నారు. పైగా ఈ రిపోర్టుల్లో తప్పులు తక్కువేం కాదు. వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో బయటపెట్టిన అధ్యయనంలో నలుగురిలో ఒకరు తమ రిపోర్టులో స్కోరును ప్రభావితం చేయగల తప్పును గుర్తించారు.

1970 నాటి ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ కొంత రక్షణ ఇస్తుంది. రిపోర్టు తీసే ముందు కంపెనీ ఆ సంగతి విడిగా ఒక కాగితం మీద చెప్పి, రాతపూర్వకంగా అనుమతి తీసుకోవాలి. రిపోర్టు చూసి ఉద్యోగం ఇవ్వకూడదనుకుంటే, ఆ నిర్ణయం ఖాయం చేసేముందే రిపోర్టు కాపీనీ, హక్కుల పత్రాన్నీ అభ్యర్థికి పంపాలి. తప్పుంటే చెప్పుకునే అవకాశం ఇవ్వడానికే ఈ ఏర్పాటు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. కాపీ పంపాక ఎన్ని రోజులు ఆగాలో చట్టం చెప్పలేదు. చాలా కంపెనీలు ఐదు పనిదినాలు ఆగి ఊరుకుంటాయి. అభ్యర్థి ఫిర్యాదు చేస్తే విచారించడానికి బ్యూరోకు మామూలుగా 30 రోజుల గడువుంది. తప్పు సరిదిద్దామని ఉత్తరం వచ్చేసరికి ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుని ఉంటారు. విచారణ తేలేదాకా ఉద్యోగాన్ని ఆపి ఉంచాలని చట్టంలో ఒక్క వాక్యం చేర్చితే ఎంతోమందికి మేలు జరుగుతుంది.

అదొక్కటే చాలదు. రిపోర్టులో ఉన్నది నిజమైన అప్పే అయితే ఈ ఫెడరల్ చట్టం కంపెనీని ఆపదు. అందుకే 2007లో వాషింగ్టన్ రాష్ట్రం ఈ తనిఖీలకు పరిమితులు పెట్టింది. తర్వాత ఓరెగాన్, ఇల్లినాయ్, కాలిఫోర్నియా లాంటివీ, 2015లో న్యూయార్క్ నగరమూ అదే దారి పట్టాయి. పెద్ద మొత్తాలు చేతిలో ఉండే కొన్ని ఉద్యోగాలకు మినహాయింపు ఉండటంలో తప్పులేదు. గోడౌన్లో సరుకు మోసేవారి కార్డు బాకీతో కంపెనీకేం పని?

చట్టం మారేదాకా ఉద్యోగం వెతికేవాళ్లు చేయగలిగింది ఒకటుంది. మూడు బ్యూరోల రిపోర్టులూ వారానికోసారి ఉచితంగా తీసుకోవచ్చు. మొదటి దరఖాస్తు పంపకముందే వాటిని తెప్పించుకుని, తప్పుంటే అప్పుడే ఫిర్యాదు పెట్టండి. అప్పుడు ఆ 30 రోజులూ ఇంటర్వ్యూకి ముందే గడిచిపోతాయి.