ఆరంగుళాల్లో వత్తులు కనపడవు

ఈ-రీడర్, అదే పుస్తకాలు చదువుకునే ఎలక్ట్రానిక్ పలక, ఏది కొనాలని ఎవర్నడిగినా ఒకటే మాట, చిన్నది తీస్కో, తేలిగ్గా ఉంటుంది, కోటు జేబులో పట్టేస్తుంది అని. నేనూ అలాగే ఆరంగుళాల కిండిల్ (అమెజాన్ వాళ్ళ ఈ-రీడర్) తీసుకున్నా, ఇంగ్లీష్ నవలలకి బ్రహ్మాండం, రైల్లో ఒక చేత్తో కడ్డీ పట్టుకుని ఇంకో చేత్తో చదివేస్తా. పోయిన సమ్మర్లో అమ్మ వస్తే ఆవిడకోసం పాత పుస్తకాలు ఉచితంగా దొరికే ఆర్కైవ్ డాట్ ఆర్గ్ నుంచి నాలుగు పాత తెలుగు పుస్తకాలు దింపి అందులో వేసిచ్చా. కళ్ళజోడు సర్దుకుంటూ రెండు నిమిషాలు చూసి "దీనికంటే పంచాంగమే నయం కదరా" అని తిరిగి నా చేతిలో పెట్టేసింది.

పాపం ఆవిడ కళ్ళదేం తప్పు లేదు. పాత తెలుగు పుస్తకాలు మనకి దొరికేది ఎక్కువగా స్కాన్ చేసిన పీడీఎఫ్‌లే, అంటే పేజీకి పేజీ ఫోటో అన్నమాట, అక్షరం సైజు పెంచుదామంటే అక్కడ ఫాంటంటూ ఉంటే కదా. మన మామూలు 1/8 డెమ్మీ సైజు పుస్తకం సుమారు 5.5 అంగుళాల వెడల్పు, 8.5 పొడుగు, ఆరంగుళాల తెరేమో (ఆరంటే మూల నుంచి మూలకి) ఎత్తు 4.8 మాత్రమే, కాబట్టి పేజీ కుంచించుకుపోయి అసలు సైజులో సగానికి కాస్త పైన మిగులుతుంది. ఇంగ్లీషైతే కళ్ళు చికిలించి లాగించేయొచ్చేమో గానీ మనకి 'ధ' పొట్టలో చుక్క పెడితే 'థ', కింద గీత తీసేస్తే 'ద', ఆపైన వత్తులు, గుడి, గుడిదీర్ఘం, ఇవన్నీ ఆ సైజులో ఒకటే మసి. 300 పీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) తెర కదా అంటారు, స్కానే మసకగా ఉన్నప్పుడు తెర ఎంత షార్పైతే ఏం లాభం.

అడ్డంగా తిప్పి చదవొచ్చు, అది ట్రై చేశా, వెడల్పు బాగానే వస్తుంది కానీ ఒక్కో పేజీకి రెండు మూడుసార్లు నొక్కాలి, ఈ-రీడర్లలో వాడే ఆ ఈ-ఇంక్ తెర నొక్కిన ప్రతిసారీ మెల్లగా మారుతుంది, అమ్మకి అంత ఓపిక లేదు, నిజం చెప్పాలంటే నాకూ లేదు.

అందుకే తెలుగు చదివేవాళ్ళెవరైనా అడిగితే పదంగుళాలదే కొనమంటున్నా. 2022లో వచ్చిన కిండిల్ స్క్రైబ్ 10.2 అంగుళాలు, పేజీ దాదాపు అచ్చు సైజులోనే కనిపిస్తుంది. రేటు మాత్రం వాతే, వచ్చినప్పుడు 340 డాలర్లు. బరువు 433 గ్రాములు, చిన్నది 158, పడుకుని చదువుతూ కునుకు తీస్తే ముక్కు మీద పడుతుంది (పడింది).

అంత డబ్బు పెట్టేముందు ఒక పని చేయండి. చదవాలనుకున్న పుస్తకంలో ఒక పేజీ 56 శాతానికి (ఆరంగుళాల తెరమీద కనపడే సైజు అదే) తగ్గించి ప్రింట్ తీసి ఇంట్లో పెద్దవాళ్ళకివ్వండి, చుక్కలూ వత్తులూ తడుముకోకుండా చదివేస్తే చిన్నదే కొనుక్కోండి, డబ్బులు మిగుల్తాయి.