స్టెప్నీని రెగ్యులరైజ్ చేయాలి

ఉద్యోగ సంఘాలు, ప్రజా సంఘాలు, అపార్ట్‌మెంట్ సంఘాలు ఇన్ని ఉన్న ఉత్తరాంధ్రలో ఒక్క సంఘమూ పట్టించుకోని తాత్కాలిక ఉద్యోగి గురించి నాలుగు మాటలు రాయక తప్పడం లేదు. ఆ ఉద్యోగి మీ కారులోనే ఉంది. డిక్కీ తెరిచి, బియ్యం బస్తా దించి, కొబ్బరికాయల గోనె పక్కకు జరిపి, అడుగున ఉన్న అట్ట లేపి చూడండి. ఎండ మొహం ఎరగకుండా వెల్లకిలా పడుకున్న ఆ చిన్న చక్రమే, పంక్చరైన చక్రం స్థానంలో ఎక్కాల్సిన మన స్టెప్నీ. కారు కొన్న రోజు నుంచీ డ్యూటీలోనే ఉంది. హాజరు నూటికి నూరు శాతం. చేసిన పని సున్నా. ఈ రెండూ కలిసిన ఉద్యోగాలు మన జిల్లాల్లో లేకపోలేదు గానీ, వాటికి జీతం వస్తుంది.

దీని నియామక పత్రం చదివితే కడుపు తరుక్కుపోతుంది. రిమ్ము మీద అతికించిన స్టిక్కరే ఆ పత్రం. తాత్కాలిక వినియోగానికి మాత్రమే, గంటకు 80 కిలోమీటర్ల వేగం మించరాదు అని ఉంటుంది. కొన్ని కంపెనీల పుస్తకాల్లో ఇంకో షరతు కూడా ఉంది: 80 కిలోమీటర్ల దూరం దాటకుండానే అసలు టైరు బాగు చేయించుకుని దీన్ని దించేయాలి. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళానికే నూరు కిలోమీటర్ల పైన. అంటే ఇచ్ఛాపురంలో డ్యూటీ ఎక్కిన స్టెప్నీకి సొంత జిల్లా కేంద్రం చూసే యోగం లేదు. పలాస దాటాక ఏ టెక్కలి దగ్గరో దాని కాంట్రాక్టు ముగిసిపోతుంది. పొడిగింపు ఉత్తర్వులు ఎవరిస్తారో పుస్తకంలో రాయలేదు.

అచ్చమైన తాత్కాలిక స్టెప్నీ అంచు మీద ‘టీ125’ లాంటి అంకె ఉంటుంది. టీ అంటే టెంపరరీ, 125 అంటే మిల్లీమీటర్లలో దాని వెడల్పు. మిగతా నలుగురూ 185, 195 వెడల్పుతో కాళ్ళు బారజాపి కూర్చుంటే దీనికి మాత్రం బెంచీ కొస. గాలి విషయంలో మరీ అన్యాయం. పర్మినెంట్ టైర్లకు 33 పీఎస్ఐ దగ్గర సరిపెట్టే కంపెనీ దీనికి 60 కొట్టమంటుంది. వెడల్పులో కోత, ఒత్తిడి మాత్రం దాదాపు రెట్టింపు. అవుట్‌సోర్సింగ్ ఎలా నడపాలో కార్ల కంపెనీలకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

పోనీ ఆ అరవై అయినా దక్కుతుందా? సామానంతా దించి స్టెప్నీకి గాలి చూడమని అడిగే యజమాని అరుదు. అడిగినా పంక్చర్ షాపులో దాని మొహం ఎవరూ ఎరగరు. నరసన్నపేట దగ్గర ఒక షాపాయన దాన్ని ఒంటి చేత్తో ఎత్తి తిప్పి చూసి, “ఏటి బావూ, ఇది టైరా, పిల్లల సైకిలు సెక్రమా? ముప్పై కొట్టేస్తన్నాను, సాల్దేటి?” అన్నాడు. సగం జీతంతో పూర్తి పని చేయించే విధానానికి రోడ్డు పక్కన ఇంతకంటే సహజమైన ఆమోదం దొరకదు.

అన్ని కార్లలోనూ ఇంత సన్నది ఉండదని కొందరు లేచి నిలబడతారు. నిజమే. మన వైపు ఎక్కువగా కనిపించేది ఒక సైజు తగ్గించిన స్టెప్నీ. అందులో ఇంకో విచిత్రం ఉంది. చాలా కార్లలో అడుగు మోడల్ కొన్నవాడికి నాలుగూ ఇనప రిమ్ములే, ఐదోదీ అచ్చం అలాంటిదే. సామ్యవాదం. అదే కారులో సన్‌రూఫ్, పెద్ద తెర, రంగు దీపాలు అన్నీ ఉన్న పై మోడల్ కొన్నవాడికి 16 అంగుళాల అల్లాయ్ చక్రాలు నాలుగు, డిక్కీలో మాత్రం 15 అంగుళాల ఇనప చక్రం. డబ్బు ఎక్కువ పోసినవాడికి టైరు చిన్నది. కొనేటప్పుడు సన్‌రూఫ్ తెరిచి ఆకాశం చూసినవాళ్ళే గానీ అట్ట లేపి అడుగు చూసినవాళ్ళు ఎందరు?

టైరు మీద వెడల్పు, అందులో గోడ ఎత్తు శాతం, రిమ్ము అంగుళాలు ఈ వరుసలో రాస్తారు. 195/60 ఆర్16 టైరు పక్కన 185/65 ఆర్15 నిలబెడితే ఎత్తులో రెండు సెంటీమీటర్లకు కాస్త తక్కువగా తేడా వస్తుంది. ఆ మాత్రం దానికేముంది అంటారు. ఒక కాలికి మందం చెప్పు, ఇంకో కాలికి అరిగిన చెప్పు వేసుకుని శ్రీకాకుళంలో డే అండ్ నైట్ జంక్షన్ నుంచి ఏడురోడ్ల కూడలి దాకా నడిచి వచ్చి ఆ మాట అనాలి. చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరగాలి, పెద్దది తక్కువ. ఈ జంటను ఇంజను తిప్పే ఇరుసుకు తగిలిస్తే, బండి తిన్నగా పోతున్నా మలుపు తిరుగుతున్నట్టే, రెండు చక్రాలనూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే డిఫరెన్షియల్ లోపల పళ్ళు అరగదీసుకుంటుంది. బ్రేకు వేస్తే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ కూడా చక్రాల వేగాలు పోల్చుకుని పనిచేసేదే కాబట్టి దానికీ అయోమయం. అందుకే ముందు చక్రాలతో నడిచే కారులో చిన్న స్టెప్నీని వెనకే వేయమంటారు. మరి పంక్చర్ ముందు చక్రానికి అయితే? వెనక ఉన్న మంచి చక్రం ఊడదీసి ముందు వేసి, స్టెప్నీని వెనక తగిలించాలి. జాకీ రెండు చోట్ల. మే నెల, మధ్యాహ్నం, మడపాం టోల్‌గేటు దాటాక నీడ లేని చోట ఈ కార్యక్రమం పెట్టుకున్న కుటుంబం ఆ తర్వాత వారం దాకా ఒకరితో ఒకరు మాట్లాడుకోదు.

అసలు కథ ఆ తర్వాత మొదలవుతుంది. స్టెప్నీ డ్యూటీ ఎక్కింది సరే, పంక్చరైన పెద్ద చక్రం ఎక్కడ పెట్టాలి? డిక్కీలో కంపెనీ తవ్విన గుంట సన్న చక్రానికి కొలిచి తవ్వింది. పెద్దది అందులో దిగదు. డిక్కీలో ఉద్దానం నుంచి వస్తున్న పనసకాయలు, కొబ్బరికాయలు, పలాస జీడిపప్పు, పుట్టింటి బియ్యం. వాటిలో ఏదీ దిగడానికి ఒప్పుకోదు. వెనక సీటులో అత్తగారు, ఆవిడా అంతే. చివరికి బురద టైరును పాత దుప్పటిలో చుట్టి ఇద్దరి మధ్య కూర్చోబెడతారు. దానికి సీటు బెల్టు కూడా పెట్టిన భక్తులున్నారు. పెళ్ళికి బయలుదేరిన పట్టుచీరకూ ఎంఆర్ఎఫ్ టైరుకూ మధ్య అడ్డంగా ఉన్నది ఒక్క దుప్పటి.

కంపెనీవాళ్ళను అడిగితే బరువు తగ్గుతుంది, మైలేజీ పెరుగుతుంది, డిక్కీలో చోటు మిగులుతుంది అంటారు. ఖర్చు తగ్గుతుంది అనే మాట మాత్రం సిగ్గుపడి చెప్పరు. పొడవు నాలుగు మీటర్లు దాటితే చిన్న కారు పన్ను పోతుంది కాబట్టి బండి తోక కోస్తారు, కోసిన తోకలో డిక్కీ పెద్దదిగా చూపించాలి కాబట్టి చక్రం కోస్తారు. ఇలా ఐదారు కిలోలు తగ్గించి ఇచ్చిన బండిలో మనవాళ్ళు ఇరవై ఐదు కిలోల బస్తాలు రెండు వేసి మైలేజీ రావడం లేదని షోరూముకి ఫిర్యాదు చేస్తారు.

ఇంతలో 2020 జూలైలో కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చి ఆ అక్టోబరు నుంచి పోస్టుకే ఎసరు పెట్టింది. మూడున్నర టన్నుల లోపు కార్లలో ట్యూబ్‌లెస్ టైర్లు, గాలి తగ్గితే చెప్పే సెన్సర్ల ఏర్పాటు, పంక్చర్ మరమ్మతు కిట్టు ఉంటే స్టెప్నీ అక్కర్లేదన్నారు. ఎలక్ట్రిక్ కార్లలో చాలావాటికి ఇప్పుడు జిగురు సీసా, చిన్న గాలి పంపు మాత్రమే దిక్కు. ఆ జిగురు టైరుకు నేలను తాకే నడిమి పట్టీకి గుచ్చుకున్న మేకు బెజ్జాన్ని పూడుస్తుంది. పక్క గోడ చీలితే చేతులెత్తేస్తుంది. టెక్కలి వైపు నీలి గ్రానైట్ క్వారీలు. ఆ రోడ్ల మీద రాయి ముక్క టైరు గోడను చీల్చేటప్పుడు నడిమి పట్టీ మీద గుచ్చుకోవాలన్న నిబంధన చదివి రాదు.

సాలూరులో ఇలాంటి మాట ఎత్తి చూడండి. లారీల ఊరు అది. ఘాట్ ఎక్కి ఒడిశా మీదుగా రాయ్‌పూర్ దాకా తిరిగే బళ్ళు. అక్కడి డ్రైవరుతో, “మీ స్టెప్నీ సగం సైజుది, 80 కిలోమీటర్లు మాత్రమే పోతుంది” అంటే మిమ్మల్ని టీ తాగించి, మొహం కడిగించి, బస్సెక్కించి ఇంటికి పంపుతాడు. లారీకి కట్టిన స్టెప్నీ మిగతా చక్రాలతో సమానం. ఏ చక్రం సెలవు పెట్టినా ఆ కుర్చీలో కూర్చుంటుంది.

కాబట్టి మా డిమాండ్ ఒక్కటే. తాత్కాలిక స్టెప్నీని తొలగించి, ఆ పోస్టులో పూర్తి సైజు చక్రాన్ని నియమించాలి. అయితే నియామకం పద్ధతి ప్రకారం జరగాలి, సిఫార్సుల మీద కాదు. ముందు ఖాళీ ఉందో లేదో చూడాలి: బండికున్న ఒక చక్రం విప్పి గుంటలో దించండి, అది పడితే పోస్టు ఉన్నట్టు. కాస్త పైకి లేస్తే చుట్టూ థర్మాకోల్ పేర్చి అట్ట ఎత్తు చేసుకోవచ్చు. కానీ మధ్యలో బిగించే బోల్టు అందాల్సిందే. పదిహేను కిలోల పైమాటైన చక్రం వదులుగా ఉంటే, గట్టి బ్రేకు వేసినరోజు అది నేరుగా ముందు సీటులో చేరి విధులు స్వీకరిస్తుంది.

తర్వాత అర్హతలు. టైరు సైజు ఒక్కటే కలిస్తే చాలదు. రిమ్ముకు బోల్టుల సంఖ్య, వాటి మధ్య దూరం, నడిమి రంధ్రం, రిమ్ము లోపలికీ బయటికీ ఎంత జరిగి కూర్చుంటుందనే ఆఫ్‌సెట్, అన్నీ సరిపోవాలి. పాత రిమ్ములమ్మే కొట్టులో “అన్నిటికీ పడిపోద్ది” అని ఇచ్చే హామీని సర్టిఫికెట్‌గా పరిగణించరాదు. అల్లాయ్ చక్రాల నట్లు ఇనప రిమ్ముకు కొన్ని బళ్ళలో సరిగా కూర్చోవు. అది రోడ్డు మీద కాదు, ఇంటి ముందే బిగించి చూసుకోవాలి.

ఐదో అల్లాయ్ కొనడం బరువనుకుంటే ఇనప రిమ్ముకు అదే సైజు టైరు ఎక్కించడం మధ్యేమార్గం. నాలుగు టైర్లూ మార్చేటప్పుడు పాతవాటిలో కాస్త బాగున్నదాన్ని స్టెప్నీగా ఉంచుకునే సంప్రదాయం మనకు ఎలాగూ ఉంది. రిటైరైన అధికారిని సలహాదారుగా వెనక్కి తెచ్చుకోవడం మనకు కొత్తేమీ కాదు. కాకపోతే వయసు చూడాలి. టైరు పక్కన నాలుగంకెల ముద్ర ఉంటుంది. 3419 అంటే 2019లో 34వ వారంలో తయారైంది. డిక్కీ దిగకపోయినా రబ్బరుకు వయసు మీద పడుతుంది. ఒక్కరోజూ పనిచేయకుండా పదవీ విరమణ వయసుకు చేరే ఉద్యోగం ఇదొక్కటే అనబోయి, ఇందాక రాసింది గుర్తొచ్చి ఆగిపోతున్నాను.

అన్నీ ఒకే రకం రిమ్ములు, టైర్లయితే ఐదింటినీ వంతులవారీగా తిప్పుకోవచ్చు. అన్నీ సమానంగా అరుగుతాయి. దీనికి పర్మినెంట్ టైర్లు ఒప్పుకుంటాయా అనేది వేరే చర్చ.

ఇక వ్యతిరేక వర్గం. ఇంట్లో పెద్దాయన వాదన తిరుగులేనిది: “ఇన్నేళ్ళలో మనకు పంక్చరైందా?” కొత్త కారుకు అరసవల్లిలోనో పైడితల్లి గుడి దగ్గరో పూజ చేయించిన ధైర్యం అది. ఆ పూజలో కూడా చక్రాల కింద పెట్టింది నాలుగు నిమ్మకాయలే. ఐదో చక్రానికి దిష్టి తీసినవాడు లేడు. నిమ్మకాయ దగ్గరే మొదలైన వివక్షకు కంపెనీని ఒక్కదాన్నే తిట్టి లాభమేమిటి?

పెద్దాయన్ను ఒప్పించవచ్చు. డిక్కీ మీద అసలు అధికారం ఉన్నది అమ్మమ్మగారికి. పూర్తి సైజు చక్రం వస్తే అట్ట నాలుగు వేళ్ళు పైకి లేస్తుందని తెలియగానే ఆవిడ, “సక్రానికి సోటుంది గానీ నా పనసకాయికి లేదేట్రా?” అని నిలదీస్తుంది. దీనికి ఏ జీవోలోనూ జవాబు లేదు. చాలా ఇళ్ళలో ఫైలు ఇక్కడే ఆగిపోతుంది.

అయితే రాజీకి దారి ఉంది. పెద్ద చక్రాన్ని లోపలి వైపు పైకి పెట్టి పడుకోబెడితే రిమ్ము మధ్యలో లోతైన గిన్నెలా ఖాళీ మిగులుతుంది. బోల్టు పోగా మిగిలిన ఆ చోటులో ఆవకాయ సీసా గుడ్డ చుట్టి పెడితే ఒలకదు, పొర్లదు, ఎండ తగలదు. ఈ షరతు మీద అమ్మమ్మగారు సంతకం పెట్టేస్తుంది. స్టెప్నీ పర్మినెంట్ అయిన మొదటి రోజే దానికి ఆవకాయ అదనపు బాధ్యతలు అప్పగిస్తారు, అలవెన్సు ఏమీ లేకుండా.