పిల్లి శకునం గారికి ఒక అర్జీ

శకునం గారూ,

నమస్కారం. నేరుగా ఎదురుపడి మాట్లాడదామనుకున్నాను గానీ, ఎదురుపడటం మీదే మీతో పేచీ కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. ఎక్కడికీ బయల్దేరే పని లేని వేళ చూసుకుని చదవండి.

మీ ఉద్యోగం ఏమిటో అందరికీ తెలిసిందే. మనిషి గుమ్మం దిగి బండి స్టార్ట్ చేస్తాడు. వీధికి ఆ పక్క నుంచి ఈ పక్కకి ఒక పిల్లి తన దారిన తాను పోతుంది. మీరు వెంటనే అతని చెవిలో "ఆగు" అంటారు. అతను బండి ఆపి, ఇంట్లోకి వెళ్ళి, కాళ్ళు కడుక్కుని, గ్లాసుడు మంచినీళ్ళు తాగి, కుర్చీలో కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరతాడు. ఈలోగా బస్సు వెళ్ళిపోతుంది. "చూశావా, పిల్లి ఎదురొచ్చింది, ఇలా అవుతుందని అప్పుడే అనుకున్నా" అంటారు ఇంట్లోవాళ్ళు. బస్సు పోయింది కాళ్ళు కడుక్కోవడం వల్లేనని ఎవరూ అనరు. మీ పద్ధతిలో నన్ను అబ్బురపరిచేది ఇదే. రోగమూ మీదే, మందూ మీదే, మందు పనిచేసిందన్న సర్టిఫికెట్టూ మీరే ఇచ్చుకుంటారు.

దారి మధ్యలో ఎదురైతే వైద్యం వేరు. అక్కడ చెంబూ నీళ్ళూ ఉండవు కాబట్టి, బండి పక్కకి తీసి ఇంకెవరైనా దాటేదాకా ఆగాలి. వెనకొచ్చేవాడు సంగతి తెలియక ముందుకు పోతాడు. దోషం వాడికి అంటుకుని వాడితోనే పోతుంది, మనం నిశ్చింతగా వెళ్ళొచ్చు. ఎంత గొప్ప ఏర్పాటండీ! ఎర్ర లైటు పడినా ఆగనివాడు పిల్లి దాటిన చోట మాత్రం బుద్ధిగా ఆగుతాడు. పిల్లి పాపం ఎవరికీ ఏమీ తలపెట్టలేదు. తన కీడు పక్కవాడి నెత్తిన పడాలని నడిరోడ్డు మీద నిలబడి కనిపెట్టుకుని ఉన్నది మనిషి. అలాంటివాడు పిల్లికి ఎదురైతే పిల్లికి ఏమవుతుందో మీ శాస్త్రంలో ఎక్కడైనా రాసుందా?

మీ జాబితా ఒకసారి తిరగేశాను. కట్టెలమోపు, నూనెకుండ, ఖాళీ బిందె, ఒంటి బ్రాహ్మడు, భర్త పోయిన ఆడమనిషి, పిల్లి. వీళ్ళెవరూ ఎదురు రాకూడదు. శవం మాత్రం రావచ్చు, శుభమట. బతికున్న పిల్లికి లేని మర్యాద చచ్చిపోయిన మనిషికి ఇచ్చారు, సంతోషం. కానీ ఆ జాబితాలో ఉన్నవాళ్ళను చూడండి. ఎక్కువమంది పొద్దున్నే ఎవరి పొట్ట కోసం వాళ్ళు బయటికి వచ్చినవాళ్ళు, తిరిగి ఒక మాట అనే స్తోమత లేనివాళ్ళు. మంత్రిగారి కాన్వాయ్ అడ్డం వచ్చి అరగంట ఆపేసినా అది మీ జాబితాకి ఎక్కదు. ఇక్కడ మాత్రం నాకు నవ్వు రావడం లేదు. పిల్లికైతే మీ మాట అర్థం కాదు, దాని తోవన అది పోతుంది. సొంత కొడుకు పెళ్ళికొడుకై బయల్దేరుతుంటే తలుపు చాటున నిలబడిపోయిన తల్లులకు బాగానే అర్థమైంది.

మా తెలుగువాళ్ళ సంగతి కూడా చెప్పాలి. పిల్లి శాపాలకు ఉట్లు తెగవని తరతరాలుగా మేమే అంటున్నాం. అంటే పిల్లి కడుపు మండి, పనిగట్టుకుని కూర్చుని తిట్టినా వంటింట్లో ఉట్టి తాడు కూడా తెగదన్నమాట. అలాంటిది, అది ఏ ఉద్దేశమూ లేకుండా రోడ్డు దాటితే వీసా రాదు, కుదిరిన సంబంధం చెడిపోతుంది, కోర్టులో కేసు వాయిదా పడుతుంది. (కేసు వాయిదా పడటానికి పిల్లి కూడా కావాలా అన్నది వేరే సంగతి.) శాపం పెడితే పనిచెయ్యనిది నడిస్తే ఎలా పనిచేస్తుందండీ?

పోనీ పెద్దలంతా మీ వైపే ఉన్నారా అంటే, అదీ లేదు. బెంగాలీల ఇళ్ళలో పిల్లల్ని కాచే తల్లి షష్ఠీదేవి. ఆవిడ వాహనం పిల్లి. వాళ్ళ వ్రతకథలో ఒక ఇంటి చిన్నకోడలు వంటింట్లో తినేవన్నీ తను దొంగతనంగా తినేసి, పిల్లి తిన్నదని చెబుతూ ఉంటుంది. పిల్లి వెళ్ళి అమ్మవారితో మొరపెట్టుకుంటుంది. ఆ తర్వాత కోడలికి పుట్టిన బిడ్డ పుట్టినట్టే మాయమవుతాడు. ఆమె వచ్చి తప్పు ఒప్పుకుని పిల్లిని పూజించాకే పిల్లలు దక్కుతారు. తను చేసినదాన్ని పిల్లి మీదికి నెట్టేవాళ్ళ గురించి ఇంత తిన్నగా చెప్పిన కథ నాకు ఇంకొకటి తెలియదు. మన పక్క శ్రీవైష్ణవుల్లో తెంగలై వాళ్ళు ఇంకాస్త ముందుకు వెళ్ళారు. తల్లిపిల్లి తన కూనను నోట కరుచుకుని తీసుకుపోయినట్టు భగవంతుడే జీవుణ్ణి తీసుకుపోతాడని, దానికి మార్జాల కిశోర న్యాయమని పేరు పెట్టుకున్నారు. దేవుణ్ణి పిల్లితో పోల్చారండీ! ఆ దేవుడి గుడికి బయల్దేరినవాణ్ణి మీరు పిల్లి వచ్చిందని వెనక్కి పంపిస్తున్నారు.

పిల్లిని వెక్కిరించినవాళ్ళు లేరనను. మహాభారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు ధర్మరాజును ఎద్దేవా చెయ్యడానికి ఉలూకుడనే దూత చేత దొంగ తపసి పిల్లి కథ చెప్పి పంపుతాడు. మహాబలిపురంలో 7వ శతాబ్దపు కొండశిల్పం మీద కూడా ఒక పిల్లి వెనకకాళ్ళ మీద నిలబడి, ముందరికాళ్ళు పైకెత్తి తపస్సు చేస్తుంటుంది, చుట్టూ ఎలుకలు. చూసిన ప్రతివాడికీ ఎవరో ఒకరు గుర్తుకొస్తారు. కానీ ఆ కథ పిల్లిని కపటి అంటుందే తప్ప, రోడ్డు దాటకూడదని అనదు.

మీ శాఖలు విదేశాల్లో కూడా ఉన్నాయని విన్నాను. 1233లో పోపు తొమ్మిదో గ్రెగరీ జర్మనీలోని మతద్రోహుల పూజల్లో నల్లపిల్లి పాత్ర ఉందంటూ లేఖ రాశాడు. బెల్జియంలోని ఈప్ర్ ఊళ్ళో గంటగోపురం మీంచి బతికున్న పిల్లుల్ని కిందికి విసిరేవాళ్ళు. 1817 తర్వాత ఆ పని మానేశారు, ఇప్పుడు ఉత్సవం చేసి బొమ్మపిల్లులు విసురుతున్నారు. ఆ శాఖ పనితీరు అలా ఉంటే, పక్కనే సముద్రం దాటితే బ్రిటన్‌లో నల్లపిల్లి ఎదురైతే అదృష్టమట. అదే నలుపు, అవే నాలుగు కాళ్ళు. పిల్లి పాస్‌పోర్టు మీద స్టాంపు పడగానే కీడు కాస్తా మేలైపోతోందంటే లోపం పిల్లిలో లేదని మీకైనా అనిపించాలి కదా. జపాను వాళ్ళ చెయ్యూపే పిల్లిబొమ్మ ఇప్పుడు మన గిఫ్టు షాపుల్లోనూ దొరుకుతోంది. క్యాష్ కౌంటరు మీద ఆ బంగారు రంగు పిల్లి చెయ్యి ఊపుతుంటే దండం పెట్టుకునే షావుకారు, షాపు తెరవడానికి వస్తూ నిజం పిల్లి కనబడితే వెనక్కి తిరుగుతాడు. ఉత్తరాదిన ఇంకో ముచ్చట. పిల్లి ఈనినప్పుడు పడే మాయ దొరికితే బీరువాలో దాచుకుంటారు, లక్ష్మి నిలుస్తుందని. మామూలుగా తల్లిపిల్లి దాన్ని తనే తినేస్తుంది. ఆ ఒక్క ముద్ద కోసం బాలింత పిల్లి దగ్గర కాపు కాసే మనిషే, మర్నాడు అదే పిల్లి ఎదురైతే ఉమ్మేసి పోతాడు.

ఇంతకీ ఎదురు రావడంలో ఉన్న మాయ చాలా చిన్నది. పిల్లి ఎక్కువగా తిరిగేది తెల్లవారుజామున, సందెవేళ. ఎలుకలు తిరిగేదీ అప్పుడే. మనం రైలుకీ పరీక్షకీ ముహూర్తానికీ బయల్దేరేదీ అప్పుడే. పిల్లి తన హద్దులో రోజూ ఇంచుమించు అవే దారుల్లో తిరుగుతుంది. అంటే అది రాత్రి డ్యూటీ దిగి వస్తోంది, మనం పగటి డ్యూటీకి వెళ్తున్నాం. ఏ పనీ మీద వెళ్ళని రోజుల్లో కూడా అది అలాగే దాటింది, మనం లెక్కపెట్టలేదు. రాత్రిపూట పిల్లి ఏడిస్తే చావు కబురొస్తుందని కూడా మీవాళ్ళే ప్రచారం చేస్తారు. అది ఆడపిల్లి ఎదకొచ్చి మగపిల్లిని పిలవడం, లేదా రెండు గండుపిల్లులు దాని కోసం కొట్టుకోవడం. అందులో చావు లేదు, దాదాపు రెండు నెలల్లో పుట్టబోయే కూనలున్నాయి. ఆ ఏడుపు వద్దనుకుంటే పిల్లల్లేకుండా ఆపరేషన్ చేయించాలి, శాంతి కాదు.

మీకు ఈ మధ్య కొత్త ఇబ్బంది వచ్చినట్టుంది. పర్షియన్ పిల్లి. పెట్ షాపులో వేలకు వేలు పోసి కొన్న ఆ బొచ్చుపిల్లి, హాల్లోంచి వంటింట్లోకి, వంటింట్లోంచి బాల్కనీలోకి రోజంతా అడ్డం తిరుగుతూనే ఉంటుంది. ఇంట్లో ఎవరూ కాళ్ళు కడుక్కోవడం లేదు. సెల్ఫీ తీసుకుంటున్నారు. దాని బంధువే, వీధిలో చారలది, గేటు ముందు నుంచి పోతే మాత్రం "ఛీ, పొద్దున్నే" అంటున్నారు. మీ దోషం రసీదు ఉన్న పిల్లులకు వర్తించదా? ఒక సర్క్యులర్ జారీ చేస్తే బాగుంటుంది.

ఇక అర్జీ అసలు విషయానికి వస్తాను. మిమ్మల్ని పదవిలోంచి దిగిపొమ్మని అడగను, మీరు వినరు. శాఖ మార్చుకోమంటున్నాను. మీ మాటకి జనంలో ఉన్న విలువ ఏ డాక్టరు మాటకీ లేదు. దాన్ని పనికొచ్చే చోట వాడండి.

పిల్లికి గిన్నెడు పాలు పొయ్యడం దోషమని ప్రకటించండి. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలలోని చక్కెర అరగదు, విరేచనాలు పట్టుకుంటాయి. రాయలవారు ఇంటింటికీ ఎలుకల కోసం పిల్లినీ, దాని పాల కోసం ఆవునూ ఇస్తే, తెనాలి రామలింగడు మరిగే పాలు పెట్టి పిల్లికి పాలంటేనే బెదురు పుట్టించాడని చెప్పుకుంటాం కదా. ఆ పిల్లి బక్కచిక్కిందని అందరూ నవ్వారు గానీ, కడుపు విషయంలో ఆస్థానంలోని మిగతా పిల్లుల కంటే అదే సుఖపడి ఉంటుంది. నోరు కాలిన ఆ ఒక్క రోజు తప్ప.

పిల్లికి రోజూ పెరుగన్నం పెట్టి శాకాహారిని చెయ్యబోవడం మహాదోషమని రాయించండి. మాంసంలో, చేపల్లో ఉండే టారిన్ అనే పోషకం దాని ఒంటికి తప్పనిసరి. అది అందకపోతే గుండె బలహీనపడుతుంది, చూపు పోతుంది. మన నియమాలు మన కంచం వరకూ చాలు. చేపల పులుసులో ముక్క కదా అని పెట్టడం కూడా వద్దు, ఉల్లి వెల్లుల్లి దాని రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. ఉడకబెట్టిన ముక్క, ఉప్పూ కారం లేకుండా, అప్పుడప్పుడు పెడితే సరిపోతుంది.

అన్నిటికంటే పైన ఒకటి. ఒళ్ళు వెచ్చగా ఉందని పిల్లికి పారాసెటమాల్ వేస్తారు కొందరు, జాలితోనే. మనిషి లివర్ చేసే పని పిల్లి లివర్ చెయ్యలేదు. ఒక్క మాత్ర చాలు దాని ప్రాణం తియ్యడానికి. మాత్ర పట్టుకుని పిల్లి దగ్గరికి వెళ్తుంటే మీరు అప్పుడు ఆ మనిషికి ఎదురు రండి. "ఆగు" అనండి. చేతులెత్తి దండం పెడతాను.

కాళ్ళు కడగడం అనే మీ వైద్యాన్ని కూడా వృథా చెయ్యక్కర్లేదు. పిల్లి ఎదురైనందుకు కాళ్ళు కడుక్కునే మనిషి, అదే పిల్లి కరిస్తేనో గీరితేనో సున్నమో పసుపో పూసి ఊరుకుంటాడు. కడగాల్సింది అప్పుడు. సబ్బు పెట్టి, కుళాయి ధార కింద, పావుగంట సేపు. ఆ తర్వాత నేరుగా ఆస్పత్రికి వెళ్ళి రేబీస్ టీకా వేయించుకోవాలి. మంచినీళ్ళు తాగి కుర్చీలో కూర్చోవడం ఆస్పత్రి నుంచి వచ్చాక. పిల్లికి కూడా మూడో నెలలో మొదటి టీకా, ఆ తర్వాత ఏటా. బల్లిపాటు ఫలితాలకు పంచాంగంలో అంత చోటు ఇస్తారు కదా, పక్కనే రెండు లైన్లు దీనికి వేయించలేరా?

చివరగా ఒక సందేహం. మా పిల్లికి టీకా వాయిదా దగ్గరపడింది. బుట్టలో పెట్టుకుని నేనే తీసుకువెళ్ళాలి. అంటే నేను బయల్దేరుతుంటే పిల్లి నాకు ఎదురు రాదు, నాతోనే వస్తుంది. వీధిలో ఎదురయ్యేవాళ్ళకు మాత్రం మేమిద్దరం కలిసి ఎదురవుతాం. అప్పుడు దోషం వాళ్ళకా, నాకా, బుట్టకా? లోపల కూర్చుని నా మొహమే చూస్తుంది కాబట్టి పిల్లికేమైనా అవుతుందా? డాక్టరు ఇచ్చిన టైము శనివారం తొమ్మిదిన్నర. అప్పుడు రాహుకాలమట. ఆ రాహువుగారితో మీరూ మీరూ తేల్చుకోండి, నేను మాత్రం టైముకి వెళ్తున్నాను.

ఇట్లు,
పిల్లి ఉన్న ఇంటి నుంచి
ఒక తెలుగు మనిషి