సంతకం సరే, పక్కనుండాల్సిన పేరేదీ?

ఒడిశాలోని బరంపురంలో ఒక పాత పుస్తకాల కొట్టాయన, నేను తెలుగు పుస్తకాల కోసమే వస్తానని తెలిసి, కట్టల అడుగు నుంచి ఒకటి తీసి చేతికిచ్చాడు. లోపలి పేజీలో గిడుగు రామమూర్తి సంతకం. దాని కింద 'పర్లాకిమిడి, ఒరిస్సా, 1934'. ధర మామూలు ప్రతికి ఇరవై రెట్లు. గుండె ఒక్కసారి ఝల్లుమంది. వెలుతురులోకి తెచ్చి చూస్తే అది బాల్‌పెన్ గీత.

గిడుగు 1940 జనవరిలో పోయారు. బాల్‌పెన్నులు జనం చేతికి రావడం 1945 తర్వాతి మాట. సిరా సంగతి వదిలేసినా, 1934లో పర్లాకిమిడి ఉన్నది మద్రాసు ప్రెసిడెన్సీలో. ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. తన ఊరు అందులో కలవడం నచ్చకే ఆయన రాజమండ్రి వెళ్లిపోయారు. అలాంటి మనిషి రెండేళ్ల ముందే 'ఒరిస్సా' అని రాసుకున్నాడంటే ఎలా నమ్మను?

ఇంత సులువుగా దొరికిపోయేవి తక్కువే. 1950 తేదీతో సంతకం ఉండి, లోపల ధర 'రూ. 2.50' అని అచ్చయి ఉంటే అనుమానించాలి, అణాలు పోయి రూపాయికి నూరు పైసల లెక్క 1957 ఏప్రిల్‌లో వచ్చింది కాబట్టి. అసలు తలనొప్పి సంతకం నిజమైనదే అయినప్పుడు కూడా వస్తుంది. పాత పుస్తకాలు కొన్నింట్లో, గ్రంథకర్త సంతకం లేని ప్రతిని దొంగ ప్రతిగా భావించాలని అచ్చులోనే ఉండేది. అక్కడి సంతకం అభిమానంతో చేసింది కాదు, దొంగ అచ్చులకు వేసిన తాళం. వందల ప్రతుల మీద చేసిందెవరో, రచయితో ఆయన ఇంట్లోవాళ్లో, ఎవరు చూశారు? ఇప్పుడు వాటినీ 'ఆటోగ్రాఫ్ కాపీ' అని అమ్ముతున్నారు.

సర్టిఫికెట్ ఉంటే చాలు కదా అంటారు. 2022లో అమెరికన్ గాయకుడు బాబ్ డిలాన్ పుస్తకం 900 ప్రతుల్ని స్వయంగా సంతకం చేసినవని చెప్పి, ప్రచురణకర్త హామీ పత్రంతో సహా ఒక్కోటి 599 డాలర్లకు అమ్మారు. తీరా చూస్తే అవి ఆటోపెన్ అనే యంత్రం గీసినవి. డబ్బు వాపసు ఇచ్చారు, డిలాన్ క్షమాపణ చెప్పారు. అచ్చు వేసినవాళ్ల మాటకే దిక్కు లేనప్పుడు మన కొట్టాయన మాటెంత?

మన పాత సాక్ష్య చట్టం నాకిక్కడ పనికొస్తుంది. చేతిరాత మీద నిపుణుడి అభిప్రాయానికి 45వ సెక్షన్ చోటిస్తే, ఆ రాతతో పరిచయమున్న మామూలు మనిషి మాటకు 47వ సెక్షన్ చోటిచ్చింది. 2024 జులైలో వచ్చిన కొత్త చట్టంలోనూ ఈ ఏర్పాటు ఉంది. అంటే ఉత్తరాలు అందుకున్నవాళ్లు, ఇంట్లో చూసినవాళ్లు కూడా సాక్షులే. ఆ సాక్షి ఎవరో చెప్పేది సంతకం పక్కన 'చిరంజీవి ఫలానాకు' అని రాసిన పేరు.

సరిగ్గా ఆ పేరునే మనవాళ్లు చెరిపేస్తున్నారు. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది చదివేది ఒడియాలోనో ఇంగ్లిష్‌లోనో. తాతగారి బీరువా కిలోల లెక్కన కాటాకెక్కుతుంది. కానుకగా వచ్చిన పుస్తకం అమ్ముకున్నారని ఎవరైనా అంటారేమోనని ఇంటివాళ్లే పేరున్న ముక్క బ్లేడుతో కోసి ఇస్తారు. వాళ్లు మిగిల్చిందేమైనా ఉంటే కొట్టువాళ్లు గీకేస్తారు, పేరుంటే బేరం తగ్గుతుందని. ఆ బిడియం నాకు అర్థమవుతుంది, బేరం లెక్క మాత్రం తప్పనిపిస్తుంది. ఒట్టి సంతకాన్ని చూసి గీయడం దొంగకు తేలిక. ఫలానా ఊరి ఫలానా టీచరు పేరు, ఆ రోజు సభ, తేదీ అన్నీ అతికేలా అల్లడం కష్టం. పేరున్న ప్రతికే ఎక్కువ ధర పలకాలి.

అమ్మక తప్పనివాళ్లు కనీసం ఆ పేజీని ఫోన్‌లో ఫొటో తీసి, ఏ ఊరి ఇంటి నుంచి వచ్చిందో ఒక చీటీ రాసి లోపల పెట్టినా చాలు. కొట్టాయనను అదే అడిగాను, ఎవరింటి నుంచి వచ్చిందని. గుర్తులేదన్నాడు. బాల్‌పెన్ సంగతి చెబితే కాసేపు నా మొహం చూసి, "అయితే సంతకం లేని రేటుకే పట్టుకెళ్లండి బాబూ" అన్నాడు. పట్టుకొచ్చాను.