అది పటం కాదు, మా కారు తలుపు

ముందుగా ఒక వివరణ. సుబేదారిలో, హనుమకొండ చౌరస్తాలో నా కారు పక్కన బండి ఆపి, మెడ సాచి మరీ చూసిన వాహనదారులందరికీ తెలియజేసేదేమంటే, ఎడమవైపు వెనక తలుపు మీద మీకు కనిపించింది జిల్లా పటం కాదు. 2016లో మా ఉమ్మడి వరంగల్‌ను ముక్కలు చేసినప్పుడు కూడా అన్ని వంకర సరిహద్దులు రాలేదు. అది మా బామ్మర్ది చేతిపని. నేను స్ప్రే పెయింట్ డబ్బా ఊపి ఇచ్చాను, అంతే. రేపు ఎవరు విచారించినా ఇదే చెప్తాను.

ఆ తలుపు మీద పడ్డ అసలు గీత మూడంగుళాలు. మా గేటు గొళ్ళెం కొంచెం బయటికి పొడుచుకొని ఉంటుంది. రివర్స్ తీస్తుంటే కారు దాన్ని రాసుకుంటూ పోయింది. ఆటోనగర్‌లో ఒక పెయింటర్‌కు చూపిస్తే, "తలుపు మొత్తం కొట్టాల్నంటే మూడు వేలైతది సార్, లేకుంటే..." అన్నాడు. ఆ 'లేకుంటే' తర్వాత ఏముందో నేను వినలేదు. మూడంగుళాలకు మూడు వేలు! అంగుళానికి వెయ్యి! నక్కలగుట్టలో జాగా అమ్మేవాళ్ళు కూడా గజాల్లోనే చెప్తారు కదా అని, బండి తిప్పుకొని వచ్చేశాను.

ఇంట్లో బామ్మర్ది ఫోన్ పట్టుకొని సిద్ధంగా ఉన్నాడు. "బావా, గిది పది నిమిషాల పని."

ఆ వీడియోలో ముఖం లేదు, రెండు చేతులే. గీత మీద టూత్‌పేస్ట్ పెట్టి రుద్దాయి, తుడిచాయి. గీత మాయం. ఉండదు మరి, మార్కర్ పెన్నుతో గీసిన గీత ఎందుకుంటుంది? గోరుతో అడ్డంగా గీకి చూడండి. గోరు ఆగకుండా జారిపోతే గీత పైపైనే ఉన్నట్టు, పాలిష్‌కు లొంగుతుంది. గోరు తట్టుకుంటే అది రంగులోకి దిగింది. టూత్‌పేస్ట్ కాదు కదా, వేపపుల్ల వేసి తోమినా పోదు. మా గీతలో గోరు తట్టుకోవడం కాదు, కూర్చుంది.

మూడు రోజులు పొద్దునా సాయంత్రం తోమాం. తలుపు పుదీనా వాసన వచ్చింది.

తర్వాత స్ప్రే డబ్బా. 380 రూపాయలు. మూత మీద 'సిల్వర్' అని ఉంది, మా కారు సిల్వర్, ఇంకేం కావాలి? కార్ల కంపెనీలకు డజన్ల కొద్దీ సిల్వర్లు ఉంటాయని, ఏ సిల్వరో చెప్పే కోడ్ డ్రైవర్ తలుపు తీస్తే కనిపించే స్టిక్కర్ మీదో, బానెట్ కిందో ఉంటుందని, ఆ కోడ్ చెప్తే పెయింట్ దుకాణంలో చిన్న సీసాడు కలిపి ఇస్తారని మాకెవరు చెప్పారు? ఆ రెండు చేతులు చెప్పలేదు. సిల్వర్‌లో అల్యూమినియం రేకు పలుకులుంటాయి. అవి పడుకున్న తీరును బట్టే మెరుపు. బామ్మర్ది ఒకేచోట ఆపి కొట్టడంతో అవన్నీ జాతర జనంలా ఒకదాని మీద ఒకటి ఎక్కి, తలుపు మధ్యలో మబ్బు కమ్మింది. చుట్టూ మాస్కింగ్ టేప్ వేశాడు కాబట్టి ఆ మబ్బుకు నాలుగు మూలలు కూడా వచ్చాయి. ఆ మూలలు పోవడానికి ఇంకొంచెం, దాని అంచు పోవడానికి ఇంకొంచెం. గీతగా మొదలై మండలమైంది, సాయంత్రానికి జిల్లా కేంద్రమైంది.

ఆదివారం పొద్దున కాలనీ సర్వసభ్య సమావేశం మా గేటు ముందే జరిగింది. ఎజెండా: తలుపు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన పెద్దాయన కళ్ళజోడు పైకెత్తి, "ఎవలు చేసిన్రు గీ పని?" అన్నారు. జవాబు లేదు. పైవాటా పంతులుగారు కొబ్బరినూనె అన్నారు. ఎదురింటి కుర్రాడు పెట్రోల్‌తో తుడవమన్నాడు, వాళ్ళమ్మ వాడి వీపు మీద ఒకటి వేసి నెయిల్ పాలిష్ అంది. కిరాణా కొట్టాయన లప్పం పెట్టమన్నాడు, తన ఇంటి గోడకు మిగిలింది అరకిలో ఉందట. చివరికి సభ ఏకగ్రీవంగా తీర్మానించింది: పెద్ద ఆంజనేయస్వామి స్టిక్కర్ వేస్తే మచ్చకు మచ్చ పోతుంది, పుణ్యానికి పుణ్యం. అప్పుడే పెద్దాయన అభ్యంతరం లేవనెత్తారు. మచ్చ స్టిక్కర్ కన్నా వెడల్పుంది, స్వామి తోక వరకే కప్పుతుంది, మిగతా మచ్చ బయట పడుతుంది. సభ వాయిదా పడింది.

ఈ లోపు బామ్మర్ది గోడలు రుద్దే ఎమరీ పేపర్ తెచ్చి రెండు లాగులు లాగాడు. మా ఆవిడ కేకకు మూడోది ఆగింది. వేయి స్తంభాల గుడి స్తంభాలను 1163 ప్రాంతంలో నునుపు చేసినవాళ్ళు ఆ రెండు లాగులు చూసుంటే ఉలి పక్కన పెట్టి ఏడ్చేవాళ్ళు. రంగు మీద ఉండే రంగులేని పూత, అంటే క్లియర్ కోటు, మందం సుమారు 40, 50 మైక్రాన్లు, మన తల వెంట్రుక కన్నా సన్నం. దాని మీద గోడల ఎమరీ! ఎండిన రంగు బొబ్బను దించాలంటే 2000 నంబరు వాటర్ పేపర్‌ను చిన్న రబ్బరుకు చుట్టి, సబ్బునీళ్ళతో బొబ్బ మీద మాత్రమే రుద్దాలి. తర్వాత 3000, తర్వాత కాంపౌండ్ అనే పాలిష్ ముద్ద. నంబరు పెరిగితే గరుకు తగ్గుతుందని మా బామ్మర్దికి తెలియదు, పెద్ద నంబరు అంటే గట్టిదనుకొని చిన్నది తెచ్చాడు, పాపం, కారు మీద దయతో.

ఎనిమిదో రోజు తలదించుకొని ఆటోనగర్ వెళ్ళాను. అదే పెయింటర్. ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధ. ముందుగా ఆ తలుపు లోపలి అంచున థిన్నర్ గుడ్డ అద్ది, కంపెనీ పెయింటేనని చూసుకున్నాడు. తర్వాత మచ్చ మీద అదే గుడ్డ తడిపి, నానబెట్టకుండా, తుడిచాడు. బూడిద నీళ్ళలా కారిపోయింది మా జిల్లా. డబ్బా రంగు థిన్నర్‌కు కరుగుతుంది, ఫ్యాక్టరీలో కాల్చిన రంగు అంత తొందరగా కరగదు. కింద నుంచి బయటపడింది, నిక్షేపంలా, మొదటి మూడంగుళాల గీత.

కోడ్ ప్రకారం కలిపిన రంగును పుల్ల మొనతో ఆ గీతలోనే నింపాడు. ఆరనిచ్చి మళ్ళీ, మళ్ళీ. ఎమరీ గీతల మీద కాంపౌండ్ పట్టించాడు. "ఒక్క తాన క్లియర్ పోయింది సార్, గది రాదు. మీటర్ దూరంకెళ్లి కనబడది." మధ్యాహ్నం వరకూ పట్టింది. ఆరు వందలు అన్నాడు. మొదటిరోజు నేను వినని 'లేకుంటే' ఇదే.

అప్పుడు నా నోటి నుంచి ఏమొచ్చిందో తెలుసా? "నాలుగొందలు తీస్కో అన్నా, పెయింట్ చెంచాడు కూడా పట్టలే కదా."

సిగ్గులేని నోరు. డబ్బాకు 380, దాని మీద కొట్టిన క్లియర్ డబ్బాకు 420, టేపుకు, ఎమరీకి, టూత్‌పేస్ట్‌కు అడిగినంత ఇచ్చిన నోరు. ముఖం లేని చేతులు చెప్పింది నమ్మి వెయ్యి తగలేసినవాణ్ణి, ఎదురుగా ముఖమున్న మనిషి దగ్గర చెంచాలు లెక్కపెట్టాను! ఆయన ముక్కుకు కట్టుకున్నది దస్తీ. పక్క షెడ్డులో, గట్టిపడటానికి హార్డెనర్ కలిపిన పెయింట్ కొడుతున్నారు. అందులో ఉండే ఐసోసైనేట్లు అనే రసాయనాలతో పెయింటర్లకు ఆస్తమా రావచ్చు. దస్తీ దుమ్మును కూడా సరిగ్గా ఆపదు, ఆ ఆవిరిని అసలే ఆపదు. మాటల మధ్య ఆయన రెండుసార్లు ఆగి దగ్గాడు. ఆ దగ్గు ఖరీదు ఏ బేరంలోనూ రాదు. మనకు డబ్బా ధర తెలుసు కాబట్టి పని ధర కూడా తెలుసనుకుంటాం. ఇరవై ఏళ్ళు ఊపిరి పెట్టి నేర్చుకున్న చేతికి "ఏముంది, పది నిమిషాల పనే కదా" అంటాం. మనం ఎనిమిది రోజుల్లో చెడగొట్టిందే ఆ పది నిమిషాల పని!

ఆరు వందలూ ఇచ్చాను. ఆయన లెక్కపెట్టుకోలేదు.

ఇంటికొచ్చి గేటు తీస్తుంటే గొళ్ళెం చొక్కా పట్టుకుంది, అలాగే పొడుచుకొని ఉంది. బామ్మర్ది అరుగు మీద కూర్చొని ఫోన్ చూస్తున్నాడు.

"బావా, వెల్డింగ్ మిషన్ ఆన్‌లైన్‌ల అగ్గువకే వస్తాంది."